ఓవర్‌క్లాక్ చేసిన గేమింగ్ లాప్‌టాప్ క్రాష్ అవుతోందా? కారణం ఇలా పట్టుకోండి

గ్రాఫిక్స్ కార్డు వేగం కాస్త పెంచారు. వేగం కొలిచే పరీక్షలో, అంటే బెంచ్‌మార్క్‌లో, స్కోరు పెరిగింది. తీరా గేమ్ మొదలుపెడితే అరగంటలో తెర నల్లబడింది, లేదా గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోయింది. ఇలాంటప్పుడు కొందరు విసిగిపోయి ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన హద్దు మించి పెంచిన వేగం) మొత్తం తీసేస్తారు. ఇంకొందరు డ్రైవర్‌ను, విండోస్‌ను, గేమ్‌ను వరసగా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ సెలవు రోజంతా పోగొట్టుకుంటారు. అంత అవసరం లేదు. క్రాష్ ఏ రూపంలో వచ్చింది, ఏ పని జరుగుతుండగా వచ్చింది, విండోస్ దాని గురించి ఏమి రాసిపెట్టింది అన్నవి చూస్తే తప్పు ఏ భాగానిదో చాలావరకు తేలిపోతుంది. అది తేలాక సరిచేయడం పెద్ద పనేమీ కాదు.

డెస్క్‌టాప్ కోసం రాసిన సలహాలు లాప్‌టాప్‌కు యథాతథంగా పనికిరావని ముందే గుర్తుపెట్టుకోండి. చాలా గేమింగ్ లాప్‌టాప్‌లలో ప్రాసెసర్ వేడినీ గ్రాఫిక్స్ చిప్ వేడినీ లాగే రాగి గొట్టాలు ఉమ్మడిగా ఉంటాయి. రెండింటికీ కరెంటు ఇచ్చేది ఒకే అడాప్టర్. అందువల్ల గ్రాఫిక్స్ చిప్‌ను ముందుకు నెడితే ప్రాసెసర్ తడబడవచ్చు, ప్రాసెసర్ ఎక్కువ కరెంటు లాగితే గ్రాఫిక్స్ చిప్‌కు వాట్లు తగ్గవచ్చు. ఈ వ్యాసంలో విండోస్ 11, జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాప్ చిప్, గ్రాఫిక్స్ వేగం మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ ఉదాహరణగా తీసుకున్నాను. మీది వేరే చిప్ అయినా పద్ధతి ఇదే, అంకెలు మాత్రమే మారతాయి.

మొదట అన్నీ అసలు స్థితికి తీసుకురండి

క్రాష్ అయిన వెంటనే స్లయిడర్లు అటూ ఇటూ జరపకండి. ప్రస్తుతం ఉన్న అంకెలను ఒక కాగితం మీద రాసుకోండి. గ్రాఫిక్స్ చిప్ కోర్ వేగం ఎంత పెంచారు, వీడియో మెమరీ వేగం ఎంత పెంచారు, ప్రాసెసర్ వోల్టేజి తగ్గించారా, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేశారా అన్నవన్నీ ఉండాలి. తర్వాత ఆఫ్టర్‌బర్నర్‌లో రీసెట్ బటన్ నొక్కండి. ప్రాసెసర్ సెట్టింగులు మార్చే థ్రాటిల్‌స్టాప్ గానీ ఇంటెల్ ఎక్స్‌టీయూ గానీ వాడుతుంటే అందులో చేసిన మార్పులు కూడా తీసేయండి. బయోస్‌లో మీరు మార్చిన వాటిని మాత్రమే వెనక్కి తిప్పండి. అన్నింటినీ ఒకేసారి డిఫాల్ట్‌కు తెస్తే కొన్ని మోడళ్లలో డిస్క్ మోడ్ మారిపోయి విండోస్ అసలు మొదలవకపోవచ్చు. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే ఫోనులోనో కాగితం మీదనో దగ్గర పెట్టుకోండి.

చాలామంది మరిచిపోయేది తయారీ కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌ను. ఆర్మరీ క్రేట్, లెనోవో వాంటేజ్, ఎంఎస్ఐ సెంటర్, ప్రిడేటర్‌సెన్స్ వంటి వాటిలో టర్బో, ఎక్స్‌ట్రీమ్ పేర్లతో ఉండే మోడ్‌లు కొన్ని మోడళ్లలో గ్రాఫిక్స్ వేగాన్ని తమంతట తామే పెంచుతాయి. దాని మీద ఆఫ్టర్‌బర్నర్‌లో మీరు ఇంకో సంఖ్య పెడితే చివరికి అమలయ్యేది ఏదో మీకు తెలియదు. వేగం పెంచే అధికారం ఒకే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వండి. నా ఓటు ఆఫ్టర్‌బర్నర్‌కు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ఫ్యాన్లకూ వాట్ల పరిమితికీ ఉంచుకుని, అందులోని ఓవర్‌క్లాక్ స్విచ్‌ను ఆపేయండి.

విండోస్ డెస్క్‌టాప్ కనిపించగానే క్రాష్ అయ్యే స్థితి వస్తే కంగారు పడకండి. లాప్‌టాప్ ఆన్ అవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. వరసగా రెండు మూడు సార్లు ఇలా చేస్తే విండోస్ తనే రికవరీ తెర చూపిస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. అక్కడ ఎన్విడియా డ్రైవర్ లోడ్ కాదు కాబట్టి మీ ఓవర్‌క్లాక్ అమలు కాదు. ఆఫ్టర్‌బర్నర్ విండోస్‌తో పాటు మొదలవకుండా ఆపేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు ఏ గేమ్‌లో క్రాష్ వచ్చిందో అదే గేమ్, అదే సన్నివేశం, అవే గ్రాఫిక్స్ సెట్టింగులతో కనీసం గంటన్నర ఆడండి. అసలు స్థితిలో కూడా క్రాష్ వస్తే మీ సమస్య ఓవర్‌క్లాక్ కాదు. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచి కొత్తది వేసి చూడండి. అప్పటికీ ఆగకపోతే వారంటీ ఉండగానే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. అసలు స్థితిలో నిలబడి, వేగం పెంచినప్పుడే పడిపోతుంటే కిందివన్నీ మీ కోసమే.

క్రాష్ ఏ రూపంలో వచ్చింది

అన్నీ ఒకేలా కనిపించినా క్రాష్‌లలో రకాలున్నాయి. వాటిని వేరుచేసి చూడటమే ఈ పనిలో అసలు నైపుణ్యం.

గేమ్ ఒక్కటే మూసుకుపోయి, డైరెక్ట్‌ఎక్స్ డివైస్ రిమూవ్డ్ అనో డివైస్ హంగ్ అనో సందేశం వస్తే ఎక్కువసార్లు గ్రాఫిక్స్ కోర్ వేగమే కారణం. తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడి డెస్క్‌టాప్ తిరిగి వచ్చినా అదే కథ. గ్రాఫిక్స్ చిప్ ఇచ్చిన పనికి 2 సెకన్లలో స్పందించకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. ఈ ఏర్పాటును టీడీఆర్ అంటారు. రిజిస్ట్రీలో ఆ 2 సెకన్లను 8కో 10కో పెంచమని సలహాలు కనిపిస్తాయి. ఓవర్‌క్లాక్ చేసినవారు ఆ జోలికి వెళ్లకండి. తప్పు అలాగే ఉంటుంది, అది బయటపడే సమయం మాత్రం వెనక్కి జరుగుతుంది.

తెర మీద రంగు చుక్కలు, గళ్లు, మెరిసే త్రిభుజాలు కనిపించడం ఎక్కువగా వీడియో మెమరీ తాలూకు లక్షణం. కోర్ వేగం హద్దు దాటినా ఒక్కోసారి ఇవి కనిపిస్తాయి, కానీ ముందు అనుమానించాల్సింది మెమరీనే.

తెర ఉన్నచోటే గడ్డకట్టి, స్పీకర్లో ఒకే శబ్దం గిర్రున తిరుగుతూ, మౌస్ కూడా కదలకపోతే ప్రాసెసర్‌ను, ర్యామ్‌ను చూడాలి. నీలి తెర (విండోస్ 11 కొత్త వెర్షన్లలో అది నల్ల రంగులో ఉంటుంది) వచ్చినా వాటి వైపు చూడాలి, అయితే దాని మీద రాసిన పేరును బట్టి దారి మారుతుంది.

ప్లగ్ పీకేసినట్టు ఒక్క క్షణంలో మొత్తం ఆరిపోతే కరెంటును గానీ వేడిని గానీ అనుమానించండి. అడాప్టర్ మీద భారం మించిపోవడం, బోర్డు మీద కరెంటును అదుపు చేసే భాగాలు వేడెక్కి రక్షణ కోసం ఆపేయడం ఇందులోకి వస్తాయి.

గేమ్‌లో షేడర్లు (గ్రాఫిక్స్ చిప్ నడిపే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతుండగా వచ్చే క్రాష్‌ను ప్రత్యేకంగా చూడాలి. ఆ సమయంలో పనంతా ప్రాసెసర్‌ది. కానీ సందేశంలో వీడియో మెమరీ చాలలేదని ఉండవచ్చు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల అస్థిరత 2024లో పెద్ద వార్త అయినప్పుడు చాలామందికి మొదట కనిపించింది ఈ తప్పుదారి పట్టించే సందేశమే. లాప్‌టాప్ చిప్‌లకు ఆ లోపం లేదని ఇంటెల్ చెప్పింది. అయినా వోల్టేజి మరీ తగ్గించిన లాప్‌టాప్ ప్రాసెసర్ కూడా ఇదే లక్షణం చూపించగలదు. షేడర్ల దగ్గరే పడిపోతుంటే గ్రాఫిక్స్ కార్డును కాసేపు వదిలి ప్రాసెసర్ వోల్టేజిని చూడండి.

విండోస్ రాసిపెట్టిన సాక్ష్యం

స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతికితే రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. రోజువారీగా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. ఏ రోజు నుంచి క్రాష్‌లు మొదలయ్యాయో ఒక్క చూపులో తెలుస్తుంది. మీరు వేగం పెంచిన తేదీకీ ఆ ఎర్ర గుర్తులకూ పొంతన ఉందో లేదో ముందు ఇక్కడే చూసుకోండి. పెంచక ముందు నుంచే గుర్తులుంటే కారణం వేరే చోట ఉంది.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కండి. క్రాష్ జరిగిన నిమిషం దగ్గరికి వెళ్లండి. దాదాపు అందరికీ కనిపించేది కెర్నల్ పవర్, ఈవెంట్ 41. దీన్ని చూసి అడాప్టర్ పాడైందని చాలామంది భయపడతారు. కంప్యూటర్ సవ్యంగా షట్‌డౌన్ కాలేదని చెప్పడమే దాని పని. అసలు సమాచారం లోపల ఉంటుంది. ఆ ఈవెంట్ మీద రెండుసార్లు నొక్కి డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ ఎదురుగా ఉన్న సంఖ్య చూడండి.

అది 0 అయితే నీలి తెర రాసుకునే అవకాశం కూడా దొరకలేదన్నమాట. కరెంటు ఆగిపోవడమో, పూర్తిగా గడ్డకట్టడమో, మీరే పవర్ బటన్ నొక్కి ఆపడమో జరిగింది. 292 ఉంటే డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్, అంటే హార్డ్‌వేర్ తనే తప్పు ఒప్పుకుంది. ప్రాసెసర్ వోల్టేజి తగ్గించినవారు ఎక్కువగా చూసేది ఇదే. 257 అంటే క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్, ప్రాసెసర్‌లో ఒక కోర్ స్పందించడం మానేసింది. 278 అంటే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్, గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అయి కూడా కోలుకోలేదు. 26 అంటే మెమరీ మేనేజ్‌మెంట్, ముందు ర్యామ్‌ను పరీక్షించాలి.

అదే జాబితాలో డిస్‌ప్లే పేరుతో ఈవెంట్ 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ ఆగి, మళ్లీ లేచిందని అర్థం. డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో ఈవెంట్ 19 కనిపిస్తే జాగ్రత్తపడండి. హార్డ్‌వేర్ తప్పు చేసి, తనే సరిదిద్దుకుంది కాబట్టి మీకు క్రాష్ కనిపించలేదు. క్రాష్ లేకుండా ఈ ఈవెంట్లు వరసగా పడుతున్నాయంటే మీ సెట్టింగు అంచున ఉన్నట్టే. ఈవెంట్ 18 అయితే సరిదిద్దలేని తప్పు. ఏఎండీ రైజెన్ చిప్‌లలో ఈ 18 వివరాలలో ఏపీఐసీ ఐడీ అని ఒక సంఖ్య ఉంటుంది. ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు ఉంటాయి కాబట్టి సాధారణంగా ఆ సంఖ్యను 2తో భాగిస్తే ఏ కోర్ తడబడిందో తెలుస్తుంది. ఏపీఐసీ ఐడీ 6 అయితే 0 నుంచి లెక్కపెట్టినప్పుడు 3వ కోర్. ప్రతిసారీ అదే కోర్ కనిపిస్తే ఆ ఒక్కదానికే వోల్టేజి పెంచితే చాలు, మిగతా వాటిని కదిలించనక్కర్లేదు.

క్రాష్‌కు ముందు ఏం జరిగిందో రికార్డు చేయండి

సెన్సార్ల రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉచితంగా దొరుకుతుంది. సెన్సార్ల కిటికీ తెరిచి, రీడింగ్ తీసుకునే వ్యవధిని 2,000 మిల్లీసెకన్ల నుంచి 500కు తగ్గించి, లాగింగ్ మొదలుపెట్టి గేమ్ ఆడండి. క్రాష్ అయ్యాక ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి చివరి ఇరవై వరసలు చూడండి. గ్రాఫిక్స్ కోర్ వేగం, వోల్టేజి, ఉష్ణోగ్రత, వాట్లు. ప్రాసెసర్ ప్యాకేజీ ఉష్ణోగ్రత, వాట్లు. బ్యాటరీ ఛార్జ్ రేటు. ఈ నిలువు వరసలు చాలు, మిగతా వందల సెన్సార్లను పట్టించుకోకండి.

ఆ చివరి వరసల్లో వెతకాల్సింది మార్పును. ఉదాహరణకు కోర్ 2,505 మెగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా నడుస్తూ, లోడింగ్ తెర రాగానే వాట్లు 95 నుంచి 40కి పడి, అదే సమయంలో వేగం 2,640కి ఎగిరి, అక్కడితో ఫైలు ఆగిపోయిందనుకోండి. ఇక్కడ వేడికి ఏ సంబంధమూ లేదు. లోడు తేలికైనప్పుడు చిప్ తన వేగాల పట్టికలో (ఏ వోల్టేజికి ఎంత వేగమో చెప్పే పట్టిక) పై మెట్టుకు ఎక్కింది, మీరు కలిపిన అదనపు వేగంతో ఆ మెట్టు అది మోయలేని చోట పడింది. గంటసేపు గేమ్ ఆడినా పడని లాప్‌టాప్ మెనూలోనో, ఆల్ట్ ట్యాబ్ నొక్కినప్పుడో పడిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

చల్లగా ఉన్నప్పుడు కూడా ఇలాంటిదే జరుగుతుంది. ఎన్విడియా చిప్ చల్లగా ఉంటే అదే వోల్టేజి దగ్గర కాస్త ఎక్కువ వేగం తీసుకుంటుంది, వేడెక్కేకొద్దీ 15 మెగాహెర్ట్జ్ మెట్లుగా దిగుతుంది. అందుకే 78 డిగ్రీల దగ్గర నిక్షేపంగా నడిచిన సెట్టింగు, ఆట మొదలైన తొలి నిమిషంలో 50 డిగ్రీల దగ్గర కూలిపోవచ్చు. మొదటి రెండు మూడు నిమిషాల్లోనే క్రాష్ వస్తుంటే ఫ్యాన్లను నిందించకుండా కోర్ వేగాన్ని 15 లేదా 30 తగ్గించి చూడండి.

ఒక్కసారికి ఒక్క భాగమే

పద్ధతిలో నేను రాజీపడని నియమం ఇది ఒక్కటే. కోర్, మెమరీ, ప్రాసెసర్ మూడూ కలిపి పెంచి పరీక్షిస్తే ఎంత సమయం పెట్టినా ఏమీ తేలదు. వరస ఇలా పెట్టుకోండి.

1. మెమరీని 0 దగ్గర ఉంచి కోర్ ఒక్కదాన్నే పరీక్షించండి. క్రాష్ అయిన విలువలో సగం నుంచి మొదలుపెట్టండి. 200 దగ్గర పడిపోయి ఉంటే 100 పెట్టండి. నిలబడితే 150, ఆ 150 పడితే 120. తేడా 15 మెగాహెర్ట్జ్‌కు వచ్చేదాకా ఇలా సగం సగం చేస్తూ వెళ్లండి. చివరికి నిలబడిన విలువ నుంచి మరో 30 తగ్గించి దాన్నే మీ సెట్టింగుగా పెట్టుకోండి.

పరీక్షకు 3డీమార్క్‌లోని స్ట్రెస్ టెస్ట్, ఓసీసీటీ 3డీ పరీక్ష, రే ట్రేసింగ్ (కాంతి నీడలను లెక్కగట్టి చూపే సెట్టింగు) ఆన్ చేసిన ఒక బరువైన గేమ్ వాడండి. మామూలు గ్రాఫిక్స్‌తో నడిచే గేమ్‌లో నిలబడిన వేగం రే ట్రేసింగ్ గేమ్‌లో పడిపోవడం తరచూ చూస్తాం, ఎందుకంటే చిప్‌లో అప్పటిదాకా ఖాళీగా ఉన్న భాగాలు కూడా పనిలోకి దిగుతాయి. గ్రాఫిక్స్ చిప్ మీద విపరీతమైన భారం వేసే ఫర్‌మార్క్‌ను మాత్రం స్థిరత్వానికి కొలమానంగా తీసుకోకండి. అది వాట్ల పరిమితిని వెంటనే తాకి కోర్ వేగాన్ని బాగా కిందికి లాగేస్తుంది. మీరు పెంచిన పై మెట్లు పరీక్షకే రావు. వేడి చూడటానికి అయితే పనికొస్తుంది.

2. కోర్‌ను 0కు తెచ్చి మెమరీని పరీక్షించండి. 4060 లాప్‌టాప్ చిప్‌లో మెమరీ ఆఫ్టర్‌బర్నర్‌లో 8,001గా కనిపిస్తుంది. 1,000 కలిపితే 9,001, అంటే సెకనుకు 16 గిగాబిట్ల నుంచి 18కి వెళ్లినట్టు. మెమరీతో ఉన్న చిక్కు ఏమిటంటే అది హద్దు దాటినా వెంటనే క్రాష్ కాదు. ఇటీవలి కార్డులు తప్పును పసిగట్టి ఆ డేటాను మళ్లీ పంపుకుంటాయి. వేగం పెరిగినట్టు కనిపిస్తూనే ఫ్రేములు తగ్గుతాయి. అందువల్ల 200 చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గరా ఒకే బెంచ్‌మార్క్ స్కోరు రాసుకోండి. స్కోరు పెరగడం ఆగిన చోట మీ హద్దు ఉంది. అక్కడి నుంచి 200 వెనక్కి రండి. ఓసీసీటీలో వీడియో మెమరీ పరీక్ష తప్పుల సంఖ్యను నేరుగా చూపిస్తుంది. అందులో ఒక్క తప్పు వచ్చినా ఆ వేగం పనికిరాదు.

3. గ్రాఫిక్స్ చిప్‌ను పూర్తిగా అసలు స్థితిలో ఉంచి ప్రాసెసర్‌ను చూడండి. దాని వివరాలు కింద ఉన్నాయి.

4. చివరగా మూడూ కలపండి. విడివిడిగా నిలబడినవి కలిస్తే పడిపోతే వేడిని, కరెంటును చూడాలి. అప్పుడు మూడింటిలో మీకు అతి తక్కువ లాభం ఇస్తున్నదాన్ని వదిలేయడం మంచిది. గేమింగ్‌లో అది ఎక్కువగా ప్రాసెసర్ వేగమే అవుతుంది.

ప్రాసెసర్ దగ్గర వచ్చే ఇబ్బందులు

లాప్‌టాప్ ప్రాసెసర్‌లో వేగాన్ని నిర్ణయించే గుణకం పెంచే వీలు కొద్ది మోడళ్లకే ఉంటుంది, ముఖ్యంగా హెచ్ఎక్స్ రకాలకు. మిగతావారు చేసేది వోల్టేజి తగ్గించడం. ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఆ వోల్టేజి స్లయిడర్లు బూడిద రంగులో ఉండి కదలకపోతే ఆశ్చర్యపోకండి. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్‌లో ఆ వీలును మూసేశాయి. విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగు ఆన్‌లో ఉన్నా థ్రాటిల్‌స్టాప్‌కు అడ్డు రావచ్చు. కొన్ని డిగ్రీల వేడి తగ్గించుకోవడానికి ఆ రక్షణను తీసేయమని నేను సలహా ఇవ్వను, ముఖ్యంగా బ్యాంకు పనులు కూడా అదే లాప్‌టాప్‌లో చేసేవారికి.

వోల్టేజి తగ్గించే వీలున్నవారు 10 మిల్లీవోల్టుల మెట్లలో వెళ్లండి. ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్ పూర్తయిందని నిశ్చింతగా ఉండకండి. అది అన్ని కోర్లనూ ఒకేసారి వాడుతుంది, అప్పుడు ఒక్కో కోర్ వేగం తక్కువగానే ఉంటుంది. తక్కువ వోల్టేజి దెబ్బ బయటపడేది ఒకటి రెండు కోర్లు గరిష్ఠ వేగానికి ఎగిరినప్పుడు. బ్రౌజర్ తెరిచి ఊరికే వదిలేసినప్పుడు, నిద్ర నుంచి లాప్‌టాప్ లేచినప్పుడు రీస్టార్ట్ అవుతుంటే మీ సమస్య ఇదే. రైజెన్‌లో వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ వాడేవారికి ఇది మరీ ఎక్కువ. అందులో ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అన్ని కోర్లకూ కలిపి మైనస్ 30 పెట్టేయడం చూస్తుంటాం. చిప్‌లో మేలైన కోర్లే ఎక్కువ వేగానికి ఎగురుతాయి, వాటికి అంత తగ్గింపు తట్టదు. వాటిని మైనస్ 10 దగ్గర ఉంచి, మిగతా వాటిని తగ్గించుకుంటూ వెళ్లండి.

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఎక్స్‌ఎంపీ ఆపి చూడండి. క్రాష్ ఆగితే ర్యామే కారణం. మెమ్‌టెస్ట్86 ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి నాలుగు దఫాలూ పూర్తి కానివ్వండి. ఒక్క తప్పు వచ్చినా ఆ వేగం వదిలేయాలి. ర్యామ్ తప్పులు ఆటను ఆపడంతో ఊరుకోవు, మీ ఫైళ్లను నిశ్శబ్దంగా పాడుచేస్తాయి.

కరెంటు

ముందు బ్యాటరీ ఛార్జ్ రేటు చూడండి. ప్లగ్ పెట్టి ఆడుతుండగా అది మైనస్‌లోకి వెళ్తుంటే అడాప్టర్ ఇచ్చేది చాలక లాప్‌టాప్ బ్యాటరీ నుంచి లాగుతోందని అర్థం. కొద్దిసేపు అలా జరగడం కొన్ని మోడళ్లలో మామూలే. గంటలో బ్యాటరీ 100 నుంచి 80కి దిగిపోతుంటే మాత్రం మీ ఓవర్‌క్లాక్ ఆ అడాప్టర్‌కు బరువైంది. 100 వాట్ల టైప్‌సీ ఛార్జర్ పెట్టి గ్రాఫిక్స్ వేగం పెంచడం ఎప్పుడూ వద్దు. లాప్‌టాప్‌తో వచ్చిన పెద్ద అడాప్టర్‌నే వాడండి. దాన్ని వదులైన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా గోడ సాకెట్‌కు పెట్టి చూడండి. మన దగ్గర గేమ్ మధ్యలో కరెంటు పోవడం కొత్త కాదు. బ్యాటరీకి మారగానే గ్రాఫిక్స్ చిప్ వాట్లు ఒక్కసారిగా పడిపోతాయి, అంచున ఉన్న సెట్టింగు ఆ కుదుపులో తడబడవచ్చు. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఓవర్‌క్లాక్ తీసేసి ఆడుకోండి.

టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుగా గానీ అడుగు భాగం ఉబ్బినట్టుగా గానీ కనిపిస్తే అన్ని పరీక్షలూ ఆపేయండి. బ్యాటరీ ఉబ్బింది. దాన్ని మార్చేదాకా ఆ లాప్‌టాప్‌ను వాడకూడదు, ఛార్జ్ చేయకూడదు.

వేడి

ఎన్విడియా లాప్‌టాప్ చిప్‌లు సాధారణంగా 87 డిగ్రీల దగ్గర, ప్రాసెసర్లు 95 నుంచి 100 దగ్గర తమంతట తాము వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి వేడి నేరుగా క్రాష్ చేయడం అరుదు. వేడెక్కిన సిలికాన్‌కు అదే వేగం నిలబెట్టడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. మీరు అదనంగా కలిపిన వేగం దగ్గర ఆ వెసులుబాటు మిగలదు, క్రాష్ అక్కడ పుడుతుంది.

అందుకే మనవారికి రుతువు ముఖ్యం. ఫ్యాన్లు అప్పటికే పూర్తి వేగంతో తిరుగుతుంటే గది ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడు చిప్ ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే పెరుగుతుంది. జనవరి రాత్రి 22 డిగ్రీల గదిలో నిలబడిన సెట్టింగు, మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో 36 డిగ్రీల గదిలో నిలబడుతుందని అనుకోవద్దు. చలికాలంలో పరీక్షిస్తున్నవారు ఫ్యాన్లను ఉద్దేశపూర్వకంగా తగ్గించి, చిప్‌ను 82 డిగ్రీల దాకా రానిచ్చి కూడా ఒక పరీక్ష చేయండి.

లాప్‌టాప్ వెనక భాగాన్ని రెండు మూడు సెంటీమీటర్లు లేపితే గాలి బాగా ఆడుతుంది. పరుపు మీద పెట్టి ఆడితే అడుగున గాలి వెళ్లే దారే మూసుకుపోతుంది. ఏడాదికోసారి ఫ్యాన్లు విప్పి దుమ్ము తీయించండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అత్యంత వేడి చోటు) తేడా 25 డిగ్రీలు దాటుతుంటే, చిప్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే థర్మల్ పేస్ట్ పని అయిపోయి ఉండవచ్చు. కొత్త పేస్ట్‌కు బదులు హనీవెల్ పీటీఎం 7950 షీట్ వేయించడం మంచిది, లాప్‌టాప్‌లలో పేస్ట్‌లా అంచులకు జారిపోదు. మీ మోడల్‌లో కంపెనీ లిక్విడ్ మెటల్ వేసి ఉంటే మాత్రం అలవాటు లేనివారు విప్పకండి. బోర్డు మీద ఒక్క బొట్టు పడినా షార్ట్ అవుతుంది.

వోల్టేజి తగ్గించి వేగం నిలబెట్టడం

ఇన్ని చేశాక కూడా క్రాష్ వదలకపోతే, లేదా అన్నీ బాగున్నా లాప్‌టాప్ విపరీతంగా వేడెక్కుతుంటే ఈ దారికి రండి. నిజానికి చాలా లాప్‌టాప్‌లకు మొదటే ఎంచుకోవాల్సిన దారి ఇదని నా నమ్మకం. కోర్ స్లయిడర్ మొత్తం పట్టికను పైకి జరుపుతుంది కాబట్టి పై మెట్ల దగ్గర క్రాష్‌లు వస్తాయి. వేగాల పట్టికను మీరే గీసుకుంటే ఆ పై మెట్లే ఉండవు.

ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కండి. కింద వోల్టేజి, పక్కన వేగం ఉన్న గీత కనిపిస్తుంది. మొదట ప్రధాన కిటికీలో కోర్‌ను మైనస్ 300 చేసి అప్లై చేయండి, గీత మొత్తం కిందికి దిగుతుంది. ఇప్పుడు 900 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కను ఒక్కదాన్నే పట్టుకుని 2,300 దాకా పైకి లాగి మళ్లీ అప్లై చేయండి. దాని కుడి వైపున ఉన్న చుక్కలన్నీ అదే ఎత్తులో బల్లపరుపుగా మారాలి, ఏదైనా అంతకంటే పైనే ఉంటే దాన్ని కూడా ఆ ఎత్తుకు దించి అప్లై చేయండి. ఇక చిప్ 900 మిల్లీవోల్టులు దాటదు, 2,300 దాటదు. లోడింగ్ తెరలో ఎగరడానికి పై మెట్టు లేదు. ఇక్కడ నిలబడితే 15 చొప్పున పెంచుతూ అదే పరీక్షలు చేయండి. క్రాష్ వస్తే వేగం 30 తగ్గించండి, లేదా అదే వేగాన్ని 925 దగ్గరికి జరపండి. వోల్టేజి తగ్గిన మేరకు మిగిలిన వాట్లు, చల్లదనం ప్రాసెసర్‌కు కూడా అందుతాయి. ఇద్దరూ ఒకే గొట్టాల మీద, ఒకే అడాప్టర్ మీద బతికే లాప్‌టాప్‌లో ఇది నేరుగా ఫ్రేములుగా కనిపిస్తుంది.

సెట్టింగు కుదిరాక

దాన్ని ఆఫ్టర్‌బర్నర్‌లో ఒకటో ప్రొఫైల్‌గా దాచండి. వేసవికి 45 మెగాహెర్ట్జ్ తగ్గించిన ఇంకోదాన్ని రెండో ప్రొఫైల్‌గా పెట్టుకోండి. విండోస్‌తో పాటు దానంతట అదే అమలయ్యే ఆప్షన్‌ను వెంటనే ఆన్ చేయకండి. వారం రోజులు చేత్తో ఆన్ చేసుకుంటూ వేర్వేరు గేమ్‌లు ఆడండి, మధ్యలో నిద్ర మోడ్‌లోకి పంపి లేపండి. ఆ వారం తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో 4101, డబ్ల్యూహెచ్ఈఏ ఈవెంట్లు ఒక్కటి కూడా లేకపోతే అప్పుడు ఆన్ చేయండి. కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ గానీ బయోస్ గానీ వేసిన ప్రతిసారీ ముందు అసలు స్థితిలో ఒక గంట ఆడి, తర్వాతే మీ ప్రొఫైల్ పెట్టండి. లేదంటే కొత్త డ్రైవర్ లోపం ఏదో, మీ ఓవర్‌క్లాక్ లోపం ఏదో మళ్లీ కలగలిసిపోతాయి.